బబులోను స్త్రీ నెత్తిన ఎవరి కిరీటం?

1522 సెప్టెంబరులో జర్మనీలోని విట్టెన్‌బర్గ్ ఊళ్లో, పోపును ఎదిరించిన మతసంస్కర్త మార్టిన్ లూథర్ అనువదించిన కొత్త నిబంధన అచ్చయింది. సుమారు 3,000 ప్రతులు వేశారని అంచనా. అవి ఎంత వేగంగా చెల్లిపోయాయంటే డిసెంబరులోనే రెండో ముద్రణ వేయాల్సి వచ్చింది. ఈ రెండు ముద్రణల్నీ పక్కపక్కన పెట్టుకుని చివరి భాగానికి వెళ్తే ఒక బొమ్మ దగ్గర చూపు ఆగుతుంది. ఏడు తలల మృగం మీద దర్జాగా కూర్చుని గిన్నె పైకెత్తి పట్టుకున్న ఆడమనిషి. సెప్టెంబరు ప్రతిలో ఆమె నెత్తిన మూడంతస్తుల కిరీటం ఉంది. డిసెంబరు ప్రతిలో అదే మనిషి, అదే మృగం, అదే గిన్నె. కిరీటం మాత్రం మామూలుదైపోయింది. అచ్చుదిమ్మ మీద పై అంతస్తుల్ని ఎవరో ఉలితో చెక్కి పారేశారు.

మూడంతస్తుల కిరీటం ఆనాటి యూరప్‌లో ఒక్క మనిషిదే. రోములోని పోపుది.

గోరంత చెక్కముక్క కోసం అంత గొడవ ఎందుకైందో తెలియాలంటే ముందు ఆ ఆడమనిషి ఎవరో తెలియాలి. ఆమె పుట్టింది బైబిల్లోని ఆఖరి పుస్తకంలో. తెలుగులో దాని పేరు ప్రకటన గ్రంథం. గ్రీకు మూలంలో ‘అపొకాలుప్సిస్’, అంటే ముసుగు తొలగించడం, దాగినదాన్ని బయటపెట్టడం. సినిమాల పుణ్యమా అని అపోకలిప్స్ అంటే సర్వనాశనమన్న అర్థం స్థిరపడిపోయింది గానీ, మన బైబిల్ అనువాదకులు ఎంచుకున్న ‘ప్రకటన’ అన్న మాటే అసలుకు దగ్గర. ‘ప్రళయం’ అన్న మాట కూడా ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. మన పురాణాల్లో ప్రళయం తర్వాత మళ్లీ సృష్టి ఉంటుంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది. క్రైస్తవుల లెక్కలో చరిత్ర ఒక్కసారే మొదలవుతుంది, ఒక్కసారే ముగుస్తుంది. ఆ తర్వాత తీర్పు, ఆపైన కొత్త ఆకాశం, కొత్త భూమి. అంతే, ఇంకో యుగం లేదు.

ఈ గ్రంథం మొదటి శతాబ్దం చివర్లో, రోము చక్రవర్తి డొమీషియన్ కాలంలో రాసిందని ఎక్కువమంది పండితుల మాట. రాసినాయన యోహాను. పత్మాసు అనే చిన్న ద్వీపంలో ఉండగా తనకు దర్శనాలు కలిగాయని చెప్పుకున్నాడు. ఏడు ముద్రలు, ఏడు బూరలు, ఏడు పాత్రలు, ఏడు తలల ఘటసర్పం, సముద్రంలోంచి లేచే క్రూరమృగం, ఆ మృగం మీద ఊదారంగు బట్టలు కట్టుకుని, నగలు దిగేసుకుని కూర్చున్న వేశ్య. ఆమె నొసట ‘మహా బబులోను’ అని రాసి ఉంటుంది. బబులోను పాతకాలపు శత్రునగరం. యోహాను కాలానికి దాని ప్రాభవం పోయి వందల ఏళ్లయింది. మృగం ఏడు తలలూ ఏడు కొండలని ఆ పుస్తకమే చెబుతుంది. ఏడుకొండలంటే మనకు గుర్తొచ్చేది వేరు గానీ, ఆ కాలం పాఠకులకు ఏడు కొండల మీద వెలసిన నగరం ఒక్కటే, రోము. పేరు చెబితే ప్రమాదం కాబట్టి మారుపేరు పెట్టాడు. చదివేవాళ్లకు తెలుసు, ఆయనకూ తెలుసు.

తర్వాత ఆ సామ్రాజ్యం పోయింది. అదే రోము క్రైస్తవ లోకానికి రాజధాని అయింది. చిక్కు ఇక్కడే మొదలైంది. మారుపేరు మిగిలింది, దాని వెనకాల ఉన్న మనిషి వెళ్లిపోయాడు. కాబట్టి ప్రతి తరమూ ఆ ఖాళీలో తనకు తోచినవాణ్ణి కూర్చోబెట్టుకోవచ్చు. అంత్యకాలం గురించి యూరప్‌లో వచ్చిన చెక్క అచ్చుబొమ్మలన్నిటికీ ఈ ఖాళీయే మూలధనం అని నా లెక్క. వాటిని భవిష్యత్తు గురించిన బొమ్మలుగా చూస్తే గందరగోళం. ఎవరికి ఏ బట్టలు తొడిగారో చూస్తే మాత్రం గీసిన ఏడాది, గీసిన ఊరు ఇట్టే బయటపడతాయి.

న్యూరెంబర్గ్ కంసాలి కొడుకు

విట్టెన్‌బర్గ్ పుస్తకానికి 24 ఏళ్ల ముందు, 1498లో, న్యూరెంబర్గ్‌లో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ అనే చిత్రకారుడు ప్రకటన గ్రంథాన్ని 15 పెద్ద బొమ్మలతో అచ్చేశాడు. జర్మన్‌లో ఒకటి, లాటిన్‌లో ఒకటి, రెండు ముద్రణలు. అప్పటికి ఆయనకు ఇంకా ముప్ఫై నిండలేదు. తండ్రి హంగరీ నుంచి వచ్చి స్థిరపడ్డ కంసాలి. పిల్లవాడు మొదట తండ్రి దగ్గర బంగారం పని నేర్చి, తర్వాత 1486లో మైకేల్ వోల్గెముట్ అనే చిత్రకారుడి దగ్గర శిష్యరికానికి చేరాడు. ఇక జ్ఞానస్నానం నాటి జ్ఞానతండ్రి (గాడ్‌ఫాదర్) ఆంటన్ కోబెర్గర్, జర్మనీలోకెల్లా పెద్ద ముద్రాపకుల్లో ఒకడు. ఒక పక్క తండ్రి కొలిమి, ఇంకో పక్క కోబెర్గర్ ముద్రణాలయం. ఈ రెండూ కలిస్తే వచ్చింది డ్యూరర్ అనొచ్చు.

వోల్గెముట్ కార్ఖానాలోనే అప్పట్లో ఒక మహాగ్రంథానికి బొమ్మలు తయారవుతున్నాయి. దాన్ని కోబెర్గర్ 1493లో అచ్చేశాడు. న్యూరెంబర్గ్ క్రానికల్ అని పేరుబడ్డ ఆ పుస్తకం లోక చరిత్ర, సృష్టి నుంచి తమ రోజు వరకు. అందులో 1,800కు పైగా బొమ్మలు, చెక్కిన దిమ్మలు మాత్రం 645. అంటే ఒకే దిమ్మ ఒకచోట ఒక ఊరు, ఇంకోచోట ఇంకో ఊరు. ఒకే ముఖం ఇద్దరు ముగ్గురు రాజులు. పాఠకులు పట్టించుకున్నట్టు లేదు. నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే నచ్చేది బొమ్మలు లేని చోటు. తమ కాలం దాకా రాసుకొచ్చి, అక్కడ కొన్ని పుటలు ఖాళీగా వదిలారు. ఆ తర్వాత మళ్లీ మొదలై క్రీస్తు విరోధి, అంతిమ తీర్పు వస్తాయి. లోకం అంతమయ్యేలోపు ఇంకేమైనా జరిగితే కొన్నవాళ్లే రాసుకోవడానికి ఆ ఖాళీ. మిగిలిన చరిత్ర అంతా నాలుగు కాగితాల్లో సరిపోతుందని వాళ్ల ధీమా.

డ్యూరర్ పుస్తకం రూపం అంతకుముందు వచ్చినవాటికి భిన్నం. బొమ్మ సుమారు 39 సెంటీమీటర్ల ఎత్తు, 28 వెడల్పు. కుడి పుట మొత్తం బొమ్మ, దాని వెనక పుటలో రెండు వరసల్లో వచనం. బొమ్మ వచనానికి తోక కాదు. రెండూ సమానంగా, ఒకదాని పక్కన ఒకటి నడుస్తాయి. పుస్తకం చివర అచ్చేసినవాడి పేరు ఉండాల్సిన చోట ‘ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్, చిత్రకారుడు’ అని ఉంటుంది. పెట్టుబడి తనది, బొమ్మ తనది, అమ్ముకోవడం తనది. చిత్రకారుడే ప్రచురణకర్త కావడం అప్పటికి కొత్త. ప్రతి బొమ్మ అడుగున ఏ అక్షరం కాళ్ల సందున డీ అక్షరం పెట్టిన ఆయన గుర్తు.

అమ్మకం సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈయన్ని దర్శనాల్లో మునిగిన యోగి అనుకుంటాం. తన అచ్చులు పట్టుకుని ఊరూరా తిరిగి మంచి ధరకు అమ్మడానికి 1497లో వారజీతం మీద మనిషిని పెట్టుకున్నాడు. భార్య ఆగ్నెస్ సంతలకు వెళ్లి అమ్మేది, తల్లి న్యూరెంబర్గ్ బజారులో అమ్మేది. 1509లో ఒక ధనికుడికి రాసిన ఉత్తరంలో, మీ పటం రంగులేస్తూ కూర్చునే బదులు అచ్చుబొమ్మలే చేసుకుని ఉంటే ఈపాటికి వెయ్యి ఫ్లోరిన్లు ఎక్కువ సంపాదించేవాణ్ణని సణిగాడు. ప్రళయం బాగా అమ్ముడుపోయే సరుకు.

గట్లు మిగిల్చి మడి తవ్వడం

చెక్క అచ్చు పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఈ బొమ్మల గొప్పతనం ఇంకో మెట్టు పైనుంచి కనబడుతుంది. పెడన కలంకారీ అచ్చులు చూసినవాళ్లకు సూత్రం తెలుసు. ఉబ్బెత్తుగా మిగిలిన చోట రంగు అంటుకుంటుంది, తవ్వేసిన చోట తెలుపు మిగులుతుంది. కాగితం మీద మనకు కనబడే ప్రతి నల్లగీతా దిమ్మ మీద ఒక గట్టు. దానికి రెండు వైపులా ఉన్న చెక్కను తీసేస్తేనే ఆ గట్టు నిలుస్తుంది. గీత గీయడం కలానికి ఒక్క ఊపు, చెక్కేవాడికి నాలుగు కోతలు. ఇక నీడ కోసం అడ్డదిడ్డంగా అల్లిన గీతలైతే మధ్యలో మిగిలే ప్రతి డైమండు ఆకారాన్నీ విడివిడిగా గిల్లి తీయాలి. కుడిఎడమలు తారుమారు చేసి గీయాలి కూడా.

ఇందుకే డ్యూరర్‌కు ముందు చెక్క అచ్చుబొమ్మలు చాలావరకు బయటి గీతలతో సరిపెట్టేవి. లోపల రంగులు చేత్తో పూసుకోవడమే. గుటెన్‌బర్గ్ కాలంలో బొమ్మా అక్షరాలూ కలిపి ఒకే దిమ్మ మీద చెక్కిన ప్రకటన గ్రంథాలు కూడా ఉండేవి. వాటిలో మనుషులు పిల్లలు గీసుకున్న బొమ్మల్లా ముచ్చటగా ఉంటారు. రాగిరేకు మీద పని వేరు. అక్కడ గీసిన గాడిలోనే సిరా నిలుస్తుంది, కాబట్టి జుట్టంత సన్నని గీతలు కుదురుతాయి. డ్యూరర్ రాగిరేకు మీద మాత్రమే సాధ్యమనుకున్న పనిని చెక్క మీదికి తెచ్చాడు. గీత ఒకచోట సన్నగా మొదలై మధ్యలో ఉబ్బి మళ్లీ సన్నబడుతుంది. మబ్బు మెలి తిరుగుతుంది, కండ కదులుతుంది. దిమ్మలు తానే చెక్కాడా, పనివాళ్ల చేత చెక్కించాడా అన్నది ఇప్పటికీ తెగని వాదం. తర్వాతి కాలంలో మాత్రం హీరోనిమస్ ఆండ్రియే లాంటి పేరున్న చెక్కుడు పనివాళ్లు ఆయనకు పనిచేశారు.

మరి చెక్కే ఎందుకు? అచ్చు అక్షరాల ఎత్తుకు దిమ్మను సరిచేస్తే రెండింటినీ ఒకే యంత్రం మీద, ఒకే నొక్కుడులో అచ్చు వేయొచ్చు. రాగిరేకుకు వేరే యంత్రం కావాలి. పైగా రేకు తొందరగా అరిగిపోతుంది, దిమ్మ వేల ప్రతులు తట్టుకుంటుంది. పగుళ్లు, పురుగు తొలిచిన బెజ్జాలు కనబడ్డాయంటే అది చివరి ప్రతుల్లో ఒకటని తేల్చేయొచ్చు.

ఇప్పుడు ఆ 15లో అందరికీ తెలిసినదాని దగ్గరికి వెళ్దాం. నలుగురు గుర్రపు రౌతులు. క్రీస్తుకు ప్రతీక అయిన గొఱ్ఱెపిల్ల, మూసి ఉన్న గ్రంథం మీద ఒక్కో ముద్ర విప్పుతుంటే ఒక్కో రౌతు వస్తాడు. మొదటిది తెల్ల గుర్రం, దాని మీద విల్లు పట్టినవాడు. రెండోది ఎర్రది, పెద్ద కత్తి. మూడోది నల్లది, త్రాసు. నాలుగోది పాలిపోయిన రంగుది, దాని మీద కూర్చున్నవాడి పేరే మృత్యువు, వెనకాలే పాతాళం. గ్రంథంలో వీళ్లను వేరుచేసేది ప్రధానంగా రంగు. డ్యూరర్ చేతిలో ఉన్నది నలుపొక్కటే. రంగులతో చెప్పిన కథను రంగు లేకుండా చెప్పాలి.

ఆయన చేసిన మొదటి పని, ఒక్కొక్కరుగా రావాల్సిన నలుగుర్నీ ఒకే దౌడులో కలిపేయడం. పాత జర్మన్ బైబిళ్లలో వీళ్లు బిర్రబిగుసుకుని, ఊరేగింపులో వేషగాళ్లలా ఉంటారు. ఇక్కడ పై కుడిమూల నుంచి కింది ఎడమమూల దాకా ఏటవాలుగా ఒకరిమీద ఒకరు తోసుకొస్తున్నారు. వెనక ఆకాశమంతా అడ్డగీతలే, అవే గాలి, అవే వేగం. అందరికంటే పైన విల్లు పట్టినవాడు, తర్వాత కత్తి. నడిమధ్యన బలిసిన గుర్రం మీద త్రాసువాడు. త్రాసు వాడి చేతిలో ఆయుధంలా వెనక్కి ఊగుతోంది. వాడి సంగతి తెలుగు బైబిల్లో చదివితే ఇంకా దగ్గరగా తాకుతుంది. దేనారానికి సేరు గోధుమలు, లేదంటే మూడు సేర్ల యవలు అన్న ధర వినిపిస్తుంది. దేనారం అంటే ఒక కూలి ఒక రోజు సంపాదన. రోజంతా ఒళ్లు వంచితే సేరు గింజలు. కరువు అన్న మాట ఎత్తకుండానే కరువు ఎంత లోతో అర్థమైపోతుంది. బొమ్మకు గుండెకాయలా వాణ్ణే పెట్టడం, పంట పోతే ఏమవుతుందో కళ్లారా చూసిన కాలంవాడు చేసే పని.

కింద ఎడమవైపున మృత్యువు. బక్కచిక్కిన ముసలాడు, గడ్డివాము లాగే పంగలకర్ర లాంటిది చేతిలో. ఎముకలు తేలిన గుర్రం, దానికి జీను కూడా లేదు. పాలిపోయిన రంగు ఎలా చూపించాలన్న ప్రశ్నకు ఆ డొక్కలే జవాబు. వాడి గుర్రం కాళ్ల కింద పాతాళం నోరు తెరిచి ఒకణ్ణి మింగుతోంది. ఆ మింగుడుపడుతున్నవాడి నెత్తిన కిరీటం ఉంది. బిషప్పని కొందరు, చక్రవర్తని కొందరు అంటారు. ఎవరైతేనేం, పెద్దమనిషి. ఆరో ముద్ర బొమ్మలో నక్షత్రాలు రాలుతుంటే దాక్కునేవాళ్లలో కూడా మామూలు జనంతోపాటు పెద్ద పదవులవాళ్లు ఉంటారు.

దీన్ని చూసి డ్యూరర్ 1498లోనే చర్చి మీద తిరుగుబాటు జెండా ఎగరేశాడని కొందరు రాశారు. నాకు అంత నమ్మకం లేదు. చావు ముందు పోపూ పాలేరూ ఒకటేనని చెప్పే మృత్యునృత్యం బొమ్మలు అప్పటికే చర్చి గోడల మీదే ఉండేవి. అందరికీ తెలిసిన మాటను ఆయన అందరికంటే బాగా చెప్పాడు, అంతే.

ఇంకో చిక్కు ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. యోహాను భాషంతా ‘వలె’ మీద నడుస్తుంది. కళ్లు అగ్నిజ్వాలల వలె, స్వరం విస్తార జలప్రవాహం వలె, పాదాలు అగ్నిస్తంభాల వలె. కవిత్వంలో ‘వలె’ అని దాటేయొచ్చు. బొమ్మలో ‘వలె’ని ఎలా గీయాలి? డ్యూరర్ మొండిగా ఉన్నదున్నట్టు గీసేశాడు. ఏడు దీపస్తంభాల బొమ్మలో కూర్చున్న మూర్తి కళ్లలోంచి నిజంగానే మంటలు లేస్తాయి, నోటి దగ్గర నిజంగానే కత్తి ఉంటుంది. ఆ దీపస్తంభాలు ఏడూ ఏడు రకాల పనితనం. కంసాలి కొడుకు కదా, అక్కడ చేయి ఊరుకోలేదు. పదో అధ్యాయంలో మేఘాన్ని ధరించిన దేవదూత ఒక చిన్న పుస్తకం ఇచ్చి తినమంటాడు. నోటికి తేనెలా ఉంటుంది, కడుపులో చేదవుతుంది. డ్యూరర్ దూతకు ఒళ్లంతా మబ్బు, కాళ్లు రెండూ రాతి కంబాలు, వాటి కొసన మంటలు. యోహాను మోకాళ్ల మీద కూర్చుని ఆ పుస్తకాన్ని గబగబా నోట్లో కుక్కుకుంటున్నాడు. మొదటిసారి చూసినప్పుడు నవ్వొస్తుంది. రెండోసారి చూస్తే నవ్వు రాదు.

ఇంతటి హడావిడీ పైన ఆకాశంలోనే. మిఖాయేలు దూత ఘటసర్పం గొంతులో ఈటె దించుతున్న బొమ్మలో కింద పావు వంతు చోటులో చిన్న ఊరు, చెట్లు, నీళ్లు, ఎండ పడ్డ నేల. అక్కడెవరికీ పైన జరిగేది తెలిసినట్టు లేదు. ఆ ఊరు పాలస్తీనా కాదు, పత్మాసు కాదు. జర్మన్ పల్లె.

బట్టల లెక్క

యోహానును మరిగే నూనెలో వేయించిన కథ ప్రకటన గ్రంథంలో లేదు, తర్వాత పుట్టిన సాధువుల కథల్లోది. డ్యూరర్ దానితోనే మొదలుపెట్టాడు. శిక్ష వేయిస్తున్న డొమీషియన్ రోము చక్రవర్తి. కానీ బొమ్మలో వాడు తలపాగా చుట్టిన తురుష్క సుల్తానులా కూర్చున్నాడు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ ఆటోమన్ల వశమైంది. 1498 నాటి జర్మన్‌కు క్రైస్తవుణ్ణి చంపేవాడు ఎలా ఉంటాడంటే అలాగే ఉంటాడు. వివరణ అక్కర్లేదు.

మహా బబులోను మాత్రం తలపాగా కట్టుకోలేదు. ఆమెకు డ్యూరర్ వెనిస్ పట్టణపు జవరాలి బట్టలు తొడిగాడు. ఇది ఊహ కాదు. 1494-95లో ఇటలీ వెళ్లినప్పుడు వెనిస్ ఆడవాళ్ల వేషధారణ చూసి గీసుకున్న బొమ్మల్లో ఒకటి ఇప్పటికీ వియన్నాలో ఆల్బెర్టీనా మ్యూజియంలో ఉంది. దాన్నే మృగం మీదికి ఎక్కించాడు. వెనిస్‌ను దుమ్మెత్తిపోయాలని చేశాడా? ప్రకటన గ్రంథం 18వ అధ్యాయంలో బబులోను కూలితే ఏడ్చేది వర్తకులే. బంగారం, ముత్యాలు, పట్టు, దాల్చినచెక్క ఇక కొనేవాళ్లు లేరని ఏడుస్తారు. ఆ జాబితాకు వెనిస్ సరిగ్గా సరిపోతుంది. అయినా నాకు తోచేది వేరు. దగ్గర మంచి బొమ్మ ఉంది, దాన్ని వాడుకోవాలనిపించింది. ఏ చిత్రకారుణ్ణి అడిగినా ఇది నేరమనడు.

1500 సంవత్సరం దగ్గరపడుతోందన్న భయమే ఈ పుస్తకాన్ని పుట్టించిందని తరచూ చదువుతాం. భయాలు నిజమే. తురుష్కులు, ప్లేగు, 1490లలో ఊడిపడ్డ సిఫిలిస్, ఇటలీలో తీర్పు దినం గురించి ఉరిమిన సన్యాసి సవొనరోలాను సరిగ్గా 1498 మే నెలలోనే ఉరి తీసి తగలబెట్టడం. కానీ 1500 వచ్చి వెళ్లిపోయింది, లోకం ఉంది. 1502లోనే స్ట్రాస్‌బర్గ్‌లో హీరోనిమస్ గ్రెఫ్ అనేవాడు డ్యూరర్ బొమ్మల్ని నకలు కొట్టి దొంగముద్రణ వేశాడు. 1511లో డ్యూరరే కొత్త ముఖచిత్రంతో మళ్లీ అచ్చేశాడు. ఆ ఏడు తెచ్చిన పుస్తకాల్లో, పరాయి శ్రమను దోచే దొంగల్లారా మా జోలికి రాకండి, మాకు చక్రవర్తి మాక్సిమిలియన్ ఇచ్చిన హక్కు ఉంది అని హెచ్చరిక కూడా పెట్టాడు. గడువు దాటిన భయానికి ఇంత గిరాకీ ఉండదు. జనం కొన్నది తేదీని చూసి కాదనుకుంటాను.

ఇక విట్టెన్‌బర్గ్. లూథర్ వార్ట్‌బర్గ్ కోటలో అజ్ఞాతంలో ఉంటూ పదకొండు వారాల్లో కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చాడు. ఆయనకు ప్రకటన గ్రంథమంటే పడదు. 1522 నాటి ముందుమాటలో, ఇందులో పరిశుద్ధాత్మ చేయి నాకెక్కడా కనబడలేదు, క్రీస్తు బోధా లేదు అన్న ధోరణిలో రాశాడు. విచిత్రమేమిటంటే ఆ పుస్తకం మొత్తంలో పుటనిండా బొమ్మలున్నది ఆ ఒక్క భాగానికే, మొత్తం 21. అనువాదకుడికి నచ్చని పుస్తకానికే అలంకారమంతా. గీసింది లూకస్ క్రానాక్, తన కార్ఖానా పనివాళ్లతో కలిసి. ఈయన సాక్సనీ ఏలిక ఫ్రెడెరిక్ ఆస్థాన చిత్రకారుడు, ఊళ్లో మందుల దుకాణం యజమాని, ఈ పుస్తకానికి పెట్టుబడి పెట్టిన ఇద్దరిలో ఒకడు కూడా. డ్యూరర్ బొమ్మల్ని ముందు పెట్టుకునే పని చేశాడని చూడగానే తెలుస్తుంది. గీత మాత్రం మోటు. డ్యూరర్ పక్కన పెడితే తేలిపోతుంది. కానీ క్రానాక్‌కు కావలసింది అందం కాదు, గురి.

మార్చింది కొంచెమే. వెనిస్ జవరాలి నెత్తిన పోపు కిరీటం పెట్టాడు. అగాధంలోంచి లేచే మృగానికీ అదే కిరీటం. బబులోను కూలిపోయే బొమ్మలో కూలేది ఊహానగరం కాదు. న్యూరెంబర్గ్ క్రానికల్లో ఉన్న రోము నగరం బొమ్మను ఎత్తుకొచ్చి, దాన్ని తలకిందులు చేశాడు. తెలిసినవాళ్లు భవనాల్ని గుర్తుపట్టేశారు. యోహాను మారుపేరు వెనక దాచిన రోము 1,400 ఏళ్లు తిరిగి మళ్లీ రోముకే వచ్చింది. ఈసారి చక్రవర్తి బదులు పోపు. అక్షరం రానివాడికి కూడా ఆ మూడంతస్తులు చదవడం వచ్చు. లూథర్ అనువదించిన ప్రకటన గ్రంథం వచనంలో పోపు పేరు లేదు. ఆ నింద మోసింది బొమ్మలే.

పక్క రాజ్యం డ్యూక్ జార్జ్, ఫ్రెడెరిక్‌కు జ్ఞాతి, పాత మతానికి గట్టి మనిషి. తన సీమలో ఆ పుస్తకాన్ని నిషేధించాడు, బొమ్మల మీద అభ్యంతరం పంపాడు. డిసెంబరు ముద్రణకల్లా ఉలి పడింది. దిమ్మ మీద మిగిలిన గట్టును తీసేయడం క్షణం పని. తీసేశాక మళ్లీ పెట్టడం కుదరదు. చెక్క అచ్చులో చెరిపివేత ఎప్పుడూ ఒకవైపే నడుస్తుంది. 1534లో లూథర్ పూర్తి బైబిల్ వచ్చినప్పుడు కిరీటం మళ్లీ మూడంతస్తులైంది గానీ, అందుకు కొత్త బొమ్మ కొత్త దిమ్మ మీద చెక్కించాల్సి వచ్చింది.

దీనికి కొసమెరుపు ఉంది. డ్యూక్ జార్జ్ దగ్గర పనిచేసే హీరోనిమస్ ఎమ్సర్ లూథర్‌కు పోటీగా కాథలిక్కుల కోసం 1527లో డ్రెస్‌డెన్‌లో ఒక కొత్త నిబంధన తెచ్చాడు. వచనం చాలావరకు లూథర్‌దే, దిద్దుబాట్లతో. అందులోని ప్రకటన గ్రంథానికి పెట్టిన బొమ్మలు క్రానాక్‌వి. ఐదేళ్ల కింద నిషేధం తెచ్చిపెట్టిన ఆ బొమ్మలే, కిరీటం ఒక్కటి తగ్గగానే అవతలి పక్షానికీ పనికొచ్చాయి.

బొమ్మలు అక్కడితో ఆగలేదు. గ్రీసులోని ఆథోస్ పర్వతం మీద డియోనిసియూ మఠంలో ప్రకటన గ్రంథపు కుడ్యచిత్రాలు ఉన్నాయి. తూర్పు సంప్రదాయంలో ఆ గ్రంథానికి బొమ్మలు వేసే అలవాటు పెద్దగా లేదు. కాబట్టి సన్యాసులు జర్మన్ బైబిళ్ల అచ్చుబొమ్మల్నే చూసి గోడ మీదికి ఎక్కించారు. లూథర్ పక్షంవాళ్ల గీతలు ఆర్థడాక్స్ మఠం గోడ మీద. మన దేశానికి చేరినది డ్యూరర్ చేసిన వేరే బొమ్మ, చెక్క అచ్చు కూడా కాదు. 1511 నాటి రాగిరేకు అచ్చులో సిలువ కింద నిలబడి చేతులు నలుపుకుంటున్న యోహాను. సంప్రదాయం ప్రకారం ప్రకటన రాసిన యోహానూ ఈయనే. ఏసు సభ (జెసూయిట్) పాద్రులు మొఘల్ కొలువుకు తెచ్చిన అచ్చుల్లో అదీ ఉండి ఉండాలి. 1600లో అబుల్ హసన్ అనే కుర్రాడు దాన్ని చూసి గీశాడు. తన వయసు పదమూడో ఏడని దాని మీదే రాసుకున్నాడు. ఆ కుర్రాడే తర్వాత జహంగీర్ ఆస్థానంలో మేటి చిత్రకారుడయ్యాడు. ఆ కాగితం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది.

డచ్ పండితుడు ఎరాస్మస్‌కు డ్యూరర్ తెలిసినవాడు. 1528లో డ్యూరర్ చనిపోయిన ఏడాది ఎరాస్మస్ ఆయన్ని మెచ్చుకుంటూ, ఇతరులు రంగులతో చేసేది ఈయన నల్లగీతలతోనే చేస్తాడు, వీటికి రంగు పూస్తే బొమ్మను అవమానించినట్టే అన్నాడు. అంతటివాడు అంత్యకాలాన్ని ఒక్కసారి మాత్రం రంగుల్లో వేశాడు, అమ్మకానికి కాదు. 1524 ఫిబ్రవరిలో గ్రహాలన్నీ మీనరాశిలో కలుస్తాయని, జలప్రళయం తప్పదని జోస్యాలు అచ్చయి కట్టలు కట్టలుగా తిరిగాయి. నీళ్లు రాలేదు. రైతుల తిరుగుబాటు వచ్చింది, 1525లో దాన్ని రక్తంలో ముంచారు. ఆ ఏడు జూన్‌లో ఒక రాత్రి డ్యూరర్‌కు కల వచ్చింది. ఆకాశం నుంచి మహాజలాలు పడుతున్నాయి. మొదటిది నాలుగు మైళ్ల దూరంలో నేలను తాకి, ఘోరమైన చప్పుడుతో ఊరంతా ముంచేసింది. మిగతావి చాలా ఎత్తు నుంచి నెమ్మదిగా దిగుతున్నట్టు అనిపించాయి. ఒళ్లంతా వణుకుతూ లేచాడు, చాలాసేపు తేరుకోలేకపోయాడు. తెల్లారాక నీటిరంగులతో వేసి కింద ఇదంతా రాసిపెట్టాడు. విశాలమైన మైదానం, కొన్ని చెట్లు, ఆకాశం నుంచి కారిన నీలిమరకలు. దూతలు లేరు, మృగం లేదు, ఎవరి నెత్తినా ఏ కిరీటమూ లేదు. చివరి వాక్యం, దేవుడు అన్నిటినీ మంచికే తిప్పుగాక. కింద సంతకం.